ఉబ్బించకుండానే గుర్తుపట్టొచ్చు!

మీ ఫోన్ కీబోర్డులో ఎమోజీలు తెరిచి చేపల వరుస దగ్గరికి వెళ్ళండి. గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో ఒక బంతి కనిపిస్తుంది. అదే పఫర్ ఫిష్. కార్టూన్లలో అదే బొమ్మ, బీచ్ షాపుల్లో అమ్మే కీ చెయిన్ల మీదా అదే బొమ్మ. దాంతో పఫర్ అంటే పుట్టినప్పటి నుంచి బెలూన్‌లానే తిరుగుతుందని చాలామంది ఫిక్సయిపోయారు.

కానీ పగడపు రీఫ్ మీద డైవ్ చేసేవాళ్ళకి ఆ బంతి దాదాపు కనపడదు. కనపడేది వేరే చేప. కుక్కపిల్ల మూతి, పెద్ద కళ్ళు, కాస్త బొద్దుగా ఉన్న ఒళ్ళు. ఎక్కడికీ తొందర లేనట్టు మెల్లగా వెళ్తుంటుంది. ఉబ్బిందంటే దానికి ప్రాణభయం పట్టుకుందని అర్థం. అంటే మనకి తెలిసిన ఒకే ఒక్క బొమ్మ, ఆ చేప జీవితంలో అత్యంత దారుణమైన నిమిషానిదన్నమాట.

నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే మామూలు ఉద్యోగిని. ఏడాదంతా లీవులు కూడబెట్టుకుని అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కి వెళ్తుంటాను. పాత పేరు హేవ్‌లాక్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. డైవ్ అయ్యాక ఏం చూశామో లాగ్‌బుక్‌లో రాసుకోవడం మాకు అలవాటు. చాలా పుస్తకాల్లో 'పఫర్ చూశాను' అని ఒక్క ముక్క ఉంటుంది. అది 'రోడ్డు మీద బండి చూశాను' అన్నట్టే. ఏ బండి? స్కూటీనా, లారీనా?

పఫర్ కుటుంబంలో దాదాపు 200 జాతులున్నాయి. అరచేతిలో పట్టేంత చిన్నవి ఉన్నాయి, మీటరు దాటేవీ ఉన్నాయి. వీటిలో రీఫ్ మీద తరచూ ఎదురయ్యేవాటిని ముట్టుకోకుండా, బెదిరించకుండా, దూరం నుంచే పేరు పెట్టి పిలవడం నేర్చుకోవచ్చు. అదేమంత బ్రహ్మవిద్య కాదు. నాలుగైదు ప్రశ్నలు వరుసగా వేసుకుంటే చాలు.

ఉబ్బిస్తే పోయేది ఏమిటి?

ముందు ఈ సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే చాలా డైవ్ వీడియోల్లో జరిగేది ఇదే.

ఒకసారి మా పడవలో వచ్చిన వేరే గ్రూపు గైడు, రాతి అరుగు కింద దాక్కున్న ముళ్ళ చేపని చేతి తొడుగుతో బయటికి లాగాడు. అది బంతిలా అయిపోయింది. గోప్రోలు చుట్టుముట్టాయి. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళింది. వదిలేశాక చాలాసేపు తలకిందులుగా తేలుతూనే ఉంది. పైకి వచ్చాక పడవలో అందరూ ఆ వీడియోలే చూసుకున్నారు. 'ఇంతకీ అది ఏ చేప?' అని నేను అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. 'పఫర్ బ్రో!' అన్నారంతే. అది అసలు పఫర్ కుటుంబమే కాదు. ఎందుకో కిందకి వెళ్తే తెలుస్తుంది.

పఫర్ ఉబ్బేది గాలితో కాదు, నీళ్ళతో. గబగబా నీళ్ళు మింగుతుంది. పొట్ట బాగా సాగే సంచి లాంటిది. అడ్డుపడటానికి పక్కటెముకలు లేవు. చర్మం కూడా సాగుతుంది. క్షణాల్లో చేప కాస్తా బంతి అవుతుంది. మింగడానికి వచ్చిన పెద్ద చేప నోట్లో పట్టదు. అదీ ప్లాను. నీళ్ళలోంచి పైకి తీస్తే గాలి మింగేస్తుంది. ఆ గాలిని తిరిగి బయటికి వదలడం దానికి కష్టం. అందుకే ఫొటో కోసం నీటి పైకి ఎత్తడం మరీ ప్రమాదం.

ఉబ్బినప్పుడు పఫర్ ఊపిరి బిగబట్టుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఒక చిన్న రీఫ్ పఫర్ మీద కొలతలు తీసి చూస్తే అది నిజం కాదని తేలింది. ఉబ్బి ఉన్నంతసేపూ మొప్పలు పనిచేస్తూనే ఉంటాయి. పనిచేయడమేంటి, మామూలు కంటే దాదాపు ఐదు రెట్లు ఆక్సిజన్ లాగుతాయి. అంతా అయిపోయాక చేప తిరిగి మామూలు స్థితికి రావడానికి సగటున ఐదున్నర గంటలు పట్టింది. మనకి పది సెకన్ల రీల్. దానికి సగం రోజు.

ఇంకో నష్టం కూడా ఉంది, అది మనకే. గుర్తుపట్టడానికి పనికొచ్చే గుర్తులన్నీ ఉబ్బగానే చెదిరిపోతాయి. చుక్కల మధ్య దూరాలు సాగిపోతాయి, గీతలు వంకర పోతాయి, మూతి ఆకారం మాయమవుతుంది, రెక్కలు బంతికి అతుక్కున్న చిన్న చీలికల్లా కనిపిస్తాయి. ఆధార్ ఫొటో దిగేటప్పుడు బుగ్గలు ఉబ్బించుకుంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

మొదటి ప్రశ్న: ముళ్ళు కనిపిస్తున్నాయా?

చేప మామూలుగా ఈదుతున్నప్పుడు చూడండి. ఒళ్ళంతా పొడవాటి ముళ్ళు వెనక్కి దువ్వినట్టు పడుకుని ఉంటే, అది ముళ్ళపంది చేప, అంటే పోర్క్యుపైన్ ఫిష్. ఇందాక వీడియోల్లో నలిగిపోయింది ఇదే. పఫర్లకి దగ్గరి చుట్టమే గానీ కుటుంబం వేరు. ఎమోజీలో, కార్టూన్లలో కనిపించే ముళ్ళ బంతి కూడా చాలావరకు దీన్ని చూసి గీసిందే.

అసలు పఫర్‌కి దూరం నుంచి ముళ్ళు కనిపించవు. చర్మంలో గరుకుగా చిన్న చిన్న మొనలుంటాయి అంతే. పొలుసులు ఉండవు.

రెండు కుటుంబాలకీ తేడా శాస్త్రీయ నామాల్లోనే ఉంది. పఫర్ల కుటుంబం పేరుకి గ్రీకులో అర్థం 'నాలుగు పళ్ళు'. పైన రెండు, కింద రెండు పలకల్లా ఉంటాయి, మధ్యలో సన్నని గీత కనిపిస్తుంది. ముళ్ళపంది చేపల పేరుకి అర్థం 'రెండు పళ్ళు'. పైనొకటి, కిందొకటి, చిలక ముక్కులా అతుక్కుపోయి ఉంటాయి. చేప మీ వైపు తిరిగి నోరు కాస్త తెరిస్తే ఈ తేడా దొరుకుతుంది. ఎండ్రకాయల, నత్తల పెంకులు పగలగొట్టే పళ్ళు అవి. వేలు దగ్గరికి పెట్టి పరీక్షించే పని మాత్రం పెట్టుకోకండి.

మూడో చుట్టం కూడా ఉంది. గట్టి అట్టపెట్టెలా పలకలుగా ఉన్న ఒళ్ళు, మూలలు తేలి కనిపిస్తే అది బాక్స్ ఫిష్. దాని ఒళ్ళు ఎముక పలకల పెట్టె. అది ఉబ్బలేదు. పిల్లగా ఉన్నప్పుడు పసుపు మీద నల్ల చుక్కలతో లూడో పాచికలా ముద్దొస్తుంది. దాన్నీ పఫర్ అనేస్తుంటారు.

ఈ చుట్టాలందరిలో కామన్‌గా ఒకటి గమనించండి. మామూలు చేపలు తోక ఊపుతూ ముందుకు దూసుకెళ్తాయి. ఇవి వీపు వెనక భాగంలో ఒకటి, దానికి సరిగ్గా కింద ఒకటి ఉండే చిన్న రెక్కలనీ, పక్క రెక్కలనీ ఆడిస్తూ డ్రోన్‌లా తేలుతాయి. ఒకేచోట నిలబడగలవు, రివర్స్‌లోనూ వెళ్ళగలవు. తోకని ఎక్కువగా మలుపులకీ, పారిపోయేటప్పుడూ వాడతాయి. ఈ నడక ఒకసారి కంటికి అలవాటైతే 10 మీటర్ల దూరం నుంచే 'ఇది మనోడే' అని తెలిసిపోతుంది.

రెండో ప్రశ్న: అరచేయంతా, అంతకంటే పెద్దదా?

ముళ్ళు లేవు, పఫరే అని తేలింది. ఇప్పుడు సైజు చూడండి. మూతి కోసుగా ఉండి, మీ అరచేయి కంటే చిన్నగా ఉంటే అది టోబీ అనే చిన్న పఫర్ల గుంపు. అంతకంటే బాగా పెద్దగా, మూతి మొద్దుగా ఉంటే అరోత్రాన్ అనే పెద్ద పఫర్ల గుంపు. పెద్దవాటి పిల్లలు కూడా అప్పుడప్పుడు ఎదురవుతాయి కాబట్టి సైజుతో పాటు మూతిని కూడా చూడటం మంచిది.

పెద్దవాటిలో నాలుగింటిని నేర్చుకుంటే ఇండో పసిఫిక్ రీఫ్‌ల మీద చాలావరకు పని జరిగిపోతుంది.

బ్లాక్ స్పాటెడ్ పఫర్. అండమాన్ వెళ్ళినవాళ్ళకి ముందుగా పరిచయమయ్యేది ఇదే. ఒక అడుగు లోపు ఉంటుంది. ఒళ్ళంతా అక్కడొకటి ఇక్కడొకటి సిరా చిలికినట్టు నల్ల చుక్కలు. ఒక లెక్కా పత్రం ఉండదు, సైజు కూడా ఒకేలా ఉండదు. కళ్ళ చుట్టూ, నోటి చుట్టూ ముదురు రంగు, మధ్యలో ముక్కు భాగం తేలికగా ఉండటంతో అచ్చం కుక్క మొహంలా కనిపిస్తుంది. అందుకే డాగ్ ఫేస్ అని కూడా అంటారు. చిక్కల్లా రంగుతోనే. ఇది బూడిద రంగులో ఉండొచ్చు, గోధుమ రంగులో ఉండొచ్చు, నిమ్మపండు పసుపులో కూడా ఉండొచ్చు. కొన్ని సగం బూడిద, సగం పసుపు. రంగు చూసి వేరే జాతి అనుకోకండి. చెదిరిన చుక్కలు, కుక్క మొహం. ఈ రెండూ ఉంటే ఇదే.

స్టారీ పఫర్. పఫర్లలో బాహుబలి. 1.2 మీటర్ల దాకా పెరుగుతుంది. తెల్లటి, బూడిద రంగు ఒంటి మీద చిన్న నల్ల చుక్కలు దట్టంగా, మిరియాలు చల్లినట్టు ఉంటాయి. రెక్కల మీద, తోక మీద కూడా చుక్కలే. పక్క రెక్క మొదట్లో నల్ల మచ్చ ఉంటుంది. పైన చెప్పిన డాగ్ ఫేస్‌తో తేడా ఏమిటంటే అక్కడ చుక్కలు లెక్కపెట్టొచ్చు, ఇక్కడ లెక్కపెట్టలేరు. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం పొట్ట మీద నల్ల చారలతో వేరే చేపలా ఉంటుంది. మధ్యాహ్నం పూట ఇసుక మీద గానీ, రాతి పక్కన గానీ పెద్ద కుషన్‌లా వాలి ఉంటుంది. మనం పక్కనుంచి నెమ్మదిగా వెళ్తే లేవను కూడా లేవదు.

వైట్ స్పాటెడ్ పఫర్. ఇందులో రంగులు తిరగబడతాయి. ముదురు బూడిద, గోధుమ ఒంటి మీద తెల్ల చుక్కలు. అసలు గుర్తు కన్ను దగ్గర, పక్క రెక్క దగ్గర ఉంది. కన్ను చుట్టూ తెల్లటి వలయాలు, రెక్క మొదట్లో నల్ల మచ్చ చుట్టూ మళ్ళీ తెల్లటి వలయాలు. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లా ఉంటాయి. పొట్ట మీద చారలు. అరమీటరు దాకా పెరుగుతుంది. ఇసుక, మురికి నీరు ఉన్న చోట్ల కూడా తిరుగుతుంది.

ఇక్కడే ఒక కన్‌ఫ్యూజన్. గినీ ఫౌల్ పఫర్ అని ఇంకొకటుంది. దానికీ తెల్ల చుక్కలే. కాకపోతే నల్లటి ఒంటి మీద చిన్న చిన్న చుక్కలు ఒకే సైజులో, ఒకే దట్టంగా, పొట్ట మీద కూడా పరుచుకుని ఉంటాయి. గినీ కోడి ఈకల్లా అన్నమాట. కన్ను చుట్టూ వలయాలుంటే వైట్ స్పాటెడ్. వలయాలు లేకుండా అంతటా ఒకే రకం చుక్కలుంటే గినీ ఫౌల్.

మ్యాప్ పఫర్. ఇది నాకు చాలా ఇష్టం. పేరే చెబుతోంది. ఒళ్ళంతా వంకర టింకర గీతలు, హైదరాబాద్ పాతబస్తీ గల్లీల మ్యాప్‌లా. కన్ను దగ్గర నుంచి గీతలు సూర్యకిరణాల్లా చుట్టూ వెళ్తాయి. పక్క రెక్క దగ్గర పెద్ద నల్ల మచ్చ. 65 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చుక్కల్లేకుండా గీతలు ఎక్కువగా ఉన్న పెద్ద పఫర్ కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

టోబీ వేషంలో నకిలీ ప్రొఫైల్

ఇక చిన్నవాళ్ళ సంగతి. ఎక్కువగా గుర్తుపెట్టుకోవాల్సింది శాడిల్డ్ టోబీ. పొడవు 11 సెంటీమీటర్లకి మించదు. తెల్లటి ఒంటి మీద గుర్రపు జీను వేసినట్టు నాలుగు నల్లటి పట్టీలు. మధ్యలో ఉన్న రెండూ పొట్ట దాకా దిగుతాయి. పక్కన చిన్న గోధుమ చుక్కలు. రీఫ్ మీద జంటగా తిరుగుతూ కనిపిస్తుంటుంది. ఇంత చిన్నదాన్ని పెద్ద చేపలు ఎందుకు మింగవు? దీని ఒంట్లోనూ విషం ఉంది కాబట్టి.

ఆ బ్రాండ్ వాల్యూని వాడుకునే వాడొకడున్నాడు. విషం ఏమీ లేని ఒక చిన్న ఫైల్ ఫిష్, ఈ టోబీలా అచ్చుగుద్దినట్టు వేషం వేసుకుంటుంది. అవే నాలుగు పట్టీలు, అవే చుక్కలు, అదే సైజు. టోబీల మధ్యలోనే తిరుగుతుంది కూడా. విషం లేనిది విషమున్నదాని వేషం వేయడాన్ని బేట్సియన్ అనుకరణ అంటారు. అమెజాన్ అడవుల్లో సీతాకోకచిలుకల్ని గమనించి 1862లో ఈ సంగతి రాసిన హెన్రీ వాల్టర్ బేట్స్ పేరు మీద వచ్చింది. మా భాషలో చెప్పాలంటే ఇది ఫిషింగ్ సైటు. లోగో అదే, రంగులు అవే, అడ్రసు బార్ మాత్రం తేడా.

ఆ అడ్రసు బార్ ఎక్కడుందో తెలుసా? రెక్కల్లో. అసలు టోబీకి వీపు మీద వెనక్కి ఒక చిన్న రెక్క, విసనకర్రలా ఇరుకు మొదలుతో ఉంటుంది. నకిలీకి ఆ రెక్క మొదలు వెడల్పు, వీపు వెనక సగం పొడవునా అంచులా సాగుతుంది. కింది రెక్క కూడా అంతే. పైగా నకిలీకి తల వెనకాల మడిచిపెట్టుకునే ఒక ముల్లు ఉంటుంది. అది టోబీకి ఉండదు. చేపలకి ఈ తేడా తెలీదు గానీ ఓపిగ్గా ఒక నిమిషం చూసే డైవర్‌కి తెలుస్తుంది. మొదటిసారి ఈ నకిలీని పట్టుకున్న రోజు, నెల రోజులుగా దొరకని బగ్ దొరికినంత సంబరపడ్డాను.

ముళ్ళపంది చేపల్లో ముగ్గురు

ముళ్ళున్న చుట్టాల్ని కూడా విడదీద్దాం. పగలు ఇవి రాళ్ళ అరుగుల కింద, గుహల్లో విశ్రాంతి తీసుకుంటూ ఉంటాయి. చీకటి పడ్డాక వేటకి బయల్దేరతాయి. పఫర్లలో చాలావరకు దీనికి ఉల్టా. నైట్ డైవ్‌లో పగడాల మధ్య ఇరుక్కుని నిద్రపోతూ కనిపిస్తాయి. అప్పుడు టార్చి నేరుగా కళ్ళలో కొట్టకండి.

ఇక్కడ చూడాల్సింది మచ్చలు, రెక్కలు.

ఒళ్ళంతా చిన్న నల్ల చుక్కలు, రెక్కల మీద కూడా చుక్కలుంటే మామూలు పోర్క్యుపైన్ ఫిష్. ముగ్గురిలో పెద్దది ఇదే. 90 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది.

పెద్ద పెద్ద నల్ల మచ్చలు, ఆ మచ్చల చుట్టూ తేలిక రంగు అంచు గీసినట్టు ఉండి, రెక్కల మీద చుక్కల్లేకపోతే బ్లాక్ బ్లాచ్డ్.

మచ్చలున్నాయి గానీ వాటికి అంచు లేదు, ఒక కన్ను నుంచి ఇంకో కన్ను దాకా ముదురు పట్టీ, నుదుటి మీద ముళ్ళు మిగతావాటికంటే పొడుగ్గా ఉంటే లాంగ్ స్పైన్డ్.

ఈ మూడింటికీ చేపని బయటికి లాగే అవసరమే లేదు. అరుగు ముందు ఇసుక లేపకుండా, రెండు మీటర్ల దూరంలో తేలుతూ నిలబడితే అదే కళ్ళు తిప్పి మిమ్మల్ని చూస్తుంది. అప్పుడు మీరూ చూడొచ్చు.

రంగు అబద్ధం చెప్తుంది, చుక్క చెప్పదు

నీటి లోపలికి వెళ్ళే కొద్దీ ముందుగా ఎరుపు మాయమవుతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. 15 మీటర్ల లోతులో ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలో అన్నీ నీలం బూడిదే. పైన డాగ్ ఫేస్ సంగతి చూశాంగా, ఒకే జాతిలో నాలుగు రంగులు. కాబట్టి రంగుని చివరి సాక్షిగానే పిలవండి. చుక్కా గీతా, నలుపా తెలుపా, చెదిరాయా దట్టంగా ఉన్నాయా, కన్ను చుట్టూ ఏముంది, పక్క రెక్క మొదట్లో ఏముంది. ఈ వరుసలో వెళ్ళండి.

ఫొటో తీసే అవకాశముంటే మూడు ఫ్రేములు చాలు. పక్క నుంచి మొత్తం ఒళ్ళు ఒకటి, మొహం దగ్గరగా ఒకటి, పక్క రెక్క మొదలు కనిపించేలా ఒకటి. చేప వెనకాల తరిమితే మీకు దొరికేది తోక ఫొటో మాత్రమే. అది వెళ్ళే దారి పక్కన ముందే ఆగి కదలకుండా ఉంటే, చాలాసార్లు అదే దగ్గరికి వస్తుంది.

ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో ఫొటో పెడితే జాతి పేరు సూచిస్తుంది. మిగతా సభ్యులు చూసి అవునో కాదో చెబుతారు. మంచి సాయమే. కానీ యాప్ చెప్పిన మొదటి పేరు మీద టిక్ కొట్టేసి వెళ్ళిపోకండి. నేను పనిచేసేది ఇలాంటి సాఫ్ట్‌వేర్ రంగంలోనే కాబట్టి చెప్తున్నా. మనం ఇచ్చే ఫొటోల్ని బట్టే అది నేర్చుకుంటుంది. బంతిలా ఉబ్బిన చేప ఫొటోకి తప్పు పేరు తగిలిస్తే ఆ తప్పు మనతో ఆగదు.

పడవ మీద విన్న మాట

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో. ఒక ట్రిప్పులో మా పడవ నడిపిన పెద్దాయనది శ్రీకాకుళం వైపు. నా ఫోన్‌లో పఫర్ ఫొటో చూసి నవ్వాడు.

"ఇదేటి బాబూ, దీనికి ఫొటోలేటి? వల్లో పడితే ఒగ్గేస్తాం మేం."

"ఎందుకు మావయ్యా, తినరా?"

"తినీ చేప కాదు బాబూ అది. ఇంట్లోకి తేకూడదని మా అయ్య సెప్పీవోడు. పళ్ళు సూసేవా? వలే కొరికేస్తాది."

ఆయనకి జాతి పేర్లు తెలీవు. కానీ ఏ చేపని ఒగ్గేయాలో తెలుసు. అది కూడా గుర్తుపట్టడమే. అక్కడ పొరపాటు పడితే పోయేది లాగ్‌బుక్‌లో ఒక లైను కాదు, ఇంట్లో మనుషులు.

పఫర్లలో ఉండే విషం పేరు టెట్రోడోటాక్సిన్. 1909లో జపాన్ శాస్త్రవేత్త యోషిజుమి తహారా ఈ పేరు పెట్టారు. చాలా పఫర్లలో ఇది కాలేయంలో, జనలో ఎక్కువగా పేరుకుంటుంది. కొన్నింటికి చర్మంలోనూ ఉంటుంది. చేప దీన్ని సొంతంగా తయారు చేసుకోదు, కొన్ని రకాల బ్యాక్టీరియా నుంచి ఆహారం ద్వారా చేరుతుందని శాస్త్రవేత్తలు చెబుతారు. వండినా, వేయించినా పోదు. ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి. తర్వాత కాళ్ళూ చేతులూ పట్టు తప్పుతాయి. చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. దీనికి విరుగుడు మందు లేదు. విషం దిగేదాకా వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెట్టడమే వైద్యం. కాబట్టి తిన్నాక పెదాలు తిమ్మిరిగా ఉన్నాయంటే వెయిట్ చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. జపాన్‌లో ఫుగు వండాలంటే లైసెన్సు ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో ఈ కుటుంబం చేపల్ని తినడానికి అమ్మడమే నిషేధం.

ప్రపంచం చుట్టొచ్చిన కెప్టెన్ జేమ్స్ కుక్‌కే ఈ అనుభవం తప్పలేదు. 1774 సెప్టెంబర్‌లో ఆయన ఓడ న్యూ కాలెడోనియా తీరంలో ఉంది. అక్కడివాళ్ళ దగ్గర ఒక కొత్త చేప కొన్నారు. ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్తలు, ఫోర్‌స్టర్ తండ్రీకొడుకులు, దాని బొమ్మ గీసి వివరాలు రాసుకోవడానికి చాలాసేపు తీసుకున్నారు. పూర్తిగా వండే టైము లేక ఆ రాత్రికి కాలేయం, జన మాత్రం వండారు. అంటే సరిగ్గా విషం ఎక్కువుండే భాగాలు! కుక్, ఫోర్‌స్టర్లు కాస్త రుచి చూశారంతే. తెల్లవారుజామున లేచేసరికి ఒళ్ళు తిమ్మిరి. నీళ్ళు నిండిన కూజాకీ, ఈకకీ బరువులో తేడా తెలియలేదని కుక్ తన దినచర్యలో రాసుకున్నాడు. వాళ్ళు బతికి బయటపడ్డారు. ఆ చేప పేగులు తిన్న పంది చచ్చిపోయింది. బొమ్మ గీయడం వచ్చినవాళ్ళకి ఏది తినకూడదో తెలీదు. మా పడవ పెద్దాయన ఉండి ఉంటే ఒక్క మాటలో తేల్చేసేవాడు.

ఇంకా పేరు లేనివి

చూడటం తెలిసినవాళ్ళకి సముద్రం ఎలాంటి బహుమతి ఇస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. జపాన్‌లో అమామీ ఓషిమా దీవి దగ్గర సముద్రపు అడుగున ఇసుకలో ముగ్గుల్లాంటి వలయాలుంటాయి. 1995 ప్రాంతంలో డైవర్లు వాటిని మొదట గమనించారు. అడ్డంగా కొలిస్తే రెండు మీటర్లు. చక్రం ఆకుల్లా గట్లు, కాలవలు, మధ్యలో మెత్తటి ఇసుక. ఎవరు వేస్తున్నారో ఏళ్ళ తరబడి తెలీలేదు.

చివరికి దొరికింది బెత్తెడు పఫర్. మగ చేప పక్క రెక్కలతో ఇసుక తోస్తూ, వారం పైగా కష్టపడి ఆ ముగ్గు వేస్తుంది. ఆడ చేప వచ్చి మధ్యలో గుడ్లు పెడుతుంది. తీరా చూస్తే అది అప్పటిదాకా సైన్సులో పేరే లేని జాతి. 2014లో గానీ దానికి పేరు పెట్టలేదు. ఎవరైనా దాన్ని పట్టుకుని ఉబ్బించి ఫొటో తీసుకుని వెళ్ళిపోయి ఉంటే, ముగ్గు సగంలోనే ఆగిపోయేది. దూరంగా ఉండి పని చేసుకోనిచ్చారు కాబట్టే విషయం బయటపడింది.

అండమాన్‌లో డైవింగ్‌కి నవంబర్ నుంచి మే దాకా మంచి సీజన్. వెళ్తే మీ గైడుతో పడవ ఎక్కకముందే ఒక్క మాట చెప్పండి. "అన్నా, మాకోసం ఏ చేపనీ ముట్టుకోవద్దు." మొహమాటపడక్కర్లేదు. టూరిస్టు అడుగుతాడనే వాళ్ళలో చాలామంది ఆ పని చేస్తారు. వద్దని ముందే చెప్తే వాళ్ళకీ ఒక పని తగ్గుతుంది.

కిందకి వెళ్ళాక కుక్క మొహం ఒకటి ఎదురైతే ఆగండి. ఊపిరి నెమ్మదిగా వదలండి. ముళ్ళున్నాయా, మూతి ఎలా ఉంది, చుక్కలా గీతలా, కన్ను చుట్టూ ఏముంది అని ఒక్కో ప్రశ్నా వేసుకోండి. జవాబు వచ్చేసరికి ఒక నిమిషం గడుస్తుంది. ఆ నిమిషం అయ్యాక కూడా చేప ఎలా ఉన్నది అలాగే, దాని పని మీద అది ఈదుకుంటూ వెళ్తుంటే, మీ లాగ్‌బుక్‌లో ధైర్యంగా దాని పేరు రాసుకోండి.